పల్లీ, జీడిపప్పు అలర్జీ ఉన్న బాబుతో పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ: బయట తిండి ఎలా?

శ్రావణి_కూకట్‌పల్లి

అందరికీ నమస్తే. మే నెలాఖరులో మేం నలుగురం, అంటే మా వారు, నేను, మా అత్తయ్యగారు, బాబు, పారిస్, లూసెర్న్, మిలాన్, వెనిస్ వెళ్దామనుకుంటున్నాం. బాబుకి తొమ్మిదేళ్ళు. పల్లీలు, జీడిపప్పు పడవు. పిస్తా కూడా ముట్టొద్దన్నారు డాక్టర్ గారు, మిగతా నట్స్ కి ఇంకా టెస్టులు చెయ్యలేదు కాబట్టి అన్నీ దూరం పెట్టమన్నారు. ఇంట్లో పల్లీ నూనె కూడా మానేసి చాలా కాలమైంది, టిఫిన్లకి కొబ్బరి చట్నీయో అల్లం చట్నీయో, అంతే.

పోయినేడాది బంధువుల పెళ్ళిలో పనీర్ కూర రెండు ముద్దలు తిన్నాడు. వడ్డించే అబ్బాయిని అడిగితే జీడిపప్పు లేదమ్మా అన్నాడు. గ్రేవీ చిక్కదనం అంతా జీడిపప్పు ముద్దదే అని తర్వాత వంటాయన చెప్పాడు. అప్పటికి పెదాలు వాచిపోయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరి ఆడక ఆస్పత్రిలో ఉన్నాం. ఇక్కడ మన భాషలో మనం అడిగితేనే ఇలా ఉంటే, భాష రాని చోట ఎలా అని టెన్షన్ గా ఉంది.

హైదరాబాద్ నుంచి గ్రూప్ టూర్ వాళ్ళు రోజూ రాత్రి ఇండియన్ డిన్నర్ ఇస్తామంటున్నారు. అత్తయ్యగారు శాకాహారి కాబట్టి మా వారు అదే నయం అంటున్నారు. గ్రూప్ తో వెళ్ళాలా, సొంతంగా వెళ్ళాలా? అక్కడ హోటల్ వాళ్ళకి ఎలా చెప్పాలి? ఇంజెక్షన్ సంగతి ఏంటి? అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.

ఇసార్_ఒడ్డున

శ్రావణి గారూ, మేం జర్మనీలోని మ్యూనిక్ లో ఉంటాం. మా పాపకి పల్లీలు, నువ్వులు పడవు, తనని తీసుకుని మీరు చెప్పిన ఊళ్ళన్నీ తిరిగాం కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందుగా, గ్రూప్ టూర్ వద్దండి. గట్టిగా చెప్తున్నా. ఆ టూర్లలో రాత్రి భోజనం ముందే మాట్లాడి పెట్టుకున్న రెస్టారెంట్ లో బఫే. బస్సు నిండా జనం ఒక్కసారి దిగుతారు, ముప్పావుగంటలో తిని ఎక్కేయాలి, వంటాయనతో నిలబడి మాట్లాడే టైమ్ ఎవరికీ ఉండదు. కోర్మా, షాహీ పనీర్, బటర్ చికెన్ పక్కపక్కనే ఉంటాయి, ఒకరు కోర్మాలో గరిటె తీసి పప్పులో పెడతారు. ఆ పప్పు బాగానే ఉందని మీరు బాబుకి పెడతారు. అక్కడ మీకు నచ్చకపోతే లేచి ఇంకో చోటికి వెళ్ళే వీలు కూడా లేదు, బస్సు ఎక్కడ ఆగితే అక్కడే తినాలి.

మనవాళ్ళందరికీ ఇండియన్ రెస్టారెంట్ అంటే ఇల్లు చేరినంత ధైర్యం వస్తుంది. మీ బాబుకున్న అలర్జీకి యూరప్ లో అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది అక్కడే. ఒకే తెల్ల గ్రేవీ పొద్దున్నే కుండెడు చేసి పెట్టుకుని నాలుగైదు కూరలకి అదే వాడేస్తారు, అందులో జీడిపప్పు ఉంటుంది. థాయ్, వియత్నాం వంటల చోట్ల పల్లీలు ఎక్కువ. ఈ మూడు రకాలూ మీ లిస్టులోంచి కొట్టేయండి, సగం బెంగ తగ్గుతుంది.

ఇక చట్టం సంగతి. యూరోపియన్ యూనియన్ లో 1169/2011 నంబరు రెగ్యులేషన్ ఉంది, 2014 డిసెంబర్ 13 నుంచి అమలవుతోంది. గోధుమ లాంటి గ్లూటెన్ ధాన్యాలు, రొయ్యలు పీతల జాతి, గుడ్డు, చేప, పల్లీ, సోయా, పాలు, నట్స్, సెలెరీ, ఆవాలు, నువ్వులు, సల్ఫైట్లు (నిల్వ కోసం వేసే రసాయనాలు), లుపిన్ గింజలు (చిక్కుడు జాతివి), ఆల్చిప్పల జాతి, ఈ 14 లో ఏది వాడినా తినేవాళ్ళకి తెలియజేయాలి. ప్యాకెట్ మీదైతే పదార్థాల జాబితాలో ఆ పేర్లు బోల్డ్ అక్షరాల్లోనో, వేరేలా కొట్టొచ్చినట్టో ఉంటాయి. రెస్టారెంట్ లో వండింది అయినా ఆ సమాచారం ఇవ్వాల్సిందే, ఎలా ఇవ్వాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. జర్మనీలో మెనూలో వంటకం పక్కన చిన్న అక్షరాలు వేస్తారు, అంకెలు కూడా ఉంటాయి. ఆ అంకెలు సాధారణంగా రంగులు, ప్రిజర్వేటివ్ లవి, అలర్జీవి అక్షరాలు. ఆస్ట్రియాలో ఎక్కువ చోట్ల ఒకే వరస వాడతారు, E అంటే పల్లీ, H అంటే నట్స్. జర్మనీలో ఏ హోటల్ అక్షరాలు ఆ హోటల్ వే, మెనూ చివర అర్థాలు రాసి ఉంటాయి, ప్రతిచోటా చూసుకోవాల్సిందే. స్విట్జర్లాండ్ ఈయూ లో లేదు గానీ అక్కడ చట్టంలో కూడా దాదాపు ఇదే జాబితా, నోటితో చెప్పినా సరిపోతుంది అక్కడ.

ఈ ఈయూ చట్టంలో రెండు సందులు ఉన్నాయి, అవి మీకు తెలియాలి. "నట్స్ ఆనవాళ్ళు ఉండొచ్చు" అని ప్యాకెట్ మీద రాయడం కంపెనీ ఇష్టం, తప్పనిసరి కాదు. కాబట్టి ఆ మాట లేదంటే ఆ ఫ్యాక్టరీలో నట్స్ లేవని కాదు. రెండోది, పైన్ గింజలు, కొబ్బరి ఆ 14 లో లేవు. శనగలు, మెంతులు కూడా లేవు. వాటిలో ఏదైనా పడదంటే విడిగా అడగాలి.

మిలాన్_లక్ష్మి

పైన అన్నయ్య చెప్పినవన్నీ నిజమే. ఇటలీ వరకు నేను చెప్తాను శ్రావణీ.

నమ్మకంగా తినిపించగలిగేవి ఇక్కడ బోలెడు. పిజ్జా మార్గెరీటా అంటే పిండి, టమాటా, మొజరెల్లా, తులసి లాంటి బేసిల్ ఆకు. ఉత్త టమాటా సాస్ తో పాస్తా, బియ్యంతో చేసే రిసొట్టో. మీ అత్తయ్యగారికి కూడా బాగుంటాయి, కాకపోతే రిసొట్టోలో మాంసం ఉడకబెట్టిన నీళ్ళు పోస్తారు, ఆవిడ కోసం అది అడగండి. పార్మిజానో చీజ్ లో పాలు గడ్డకట్టడానికి దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ వేస్తారు, పట్టింపు ఉంటే అదీ చెప్పండి.

ఇబ్బంది ఎక్కడంటే పిస్తా. ఈ మధ్య ఇటలీలో అన్నిటి మీదా పిస్తా పోస్తున్నారు. మోర్తదెల్లా, పిస్తా పొడి వేసిన పిజ్జా దాదాపు ప్రతి పిజ్జేరియాలో ఉంది. పొద్దున కాఫీతో తినే కోర్నెత్తోలో పిస్తా క్రీమ్. ఆ మోర్తదెల్లా అనే మాంసం ముక్కల్లోనే చాలాసార్లు పిస్తా గింజలు ఉంటాయి, పైన చల్లకపోయినా సరే. జీడిపప్పు పడని పిల్లలకి పిస్తా పడకపోవడం చాలా మామూలు, రెండూ ఒకే కుటుంబం చెట్లు, మీ డాక్టర్ గారు అందుకే వద్దని ఉంటారు. కాబట్టి పిజ్జా ఆర్డర్ ఇచ్చేముందు మెనూ మొత్తం చూడండి, పిస్తా పిజ్జా ఉంటే వాళ్ళ బల్ల మీద, చేతుల మీద కూడా పిస్తా పొడి ఉంటుందనుకోండి. లేని చోటు వెతుక్కోండి, పక్క వీధిలోనే దొరుకుతుంది.

పెస్తో, అంటే బేసిల్ ఆకుతో నూరే పచ్చడి లాంటి పాస్తా సాస్, అస్సలు వద్దు. జెనోవా పద్ధతిలో పైన్ గింజలు వేస్తారు, కానీ బజార్లో సీసాల్లో అమ్మే పెస్తో చాలా వాటిలో ఖరీదు తగ్గించడానికి జీడిపప్పే ఉంటుంది. సీసా తిప్పి చూస్తే అనకార్ది అని ఉంటుంది, అది జీడిపప్పు. పల్లీలు అరాకిది.

జెలాటో (ఇటలీ ఐస్ క్రీమ్) గురించి పిల్లలు ఊరుకోరు కదా. షాపులో ఒక్క నిమిషం నిలబడి చూడండి, పిస్తా గిన్నెలో ముంచిన గరిటెని ఒక తొట్టిలో నీళ్ళలో ఆడించి నిమ్మకాయ జెలాటోలో పెడతారు. ఆ నీళ్ళు కూడా పచ్చగా ఉంటాయి. నిమ్మకాయ రుచిలో నట్స్ లేవని బోర్డు మీద రాసి ఉన్నది నిజమే, కానీ గరిటె సంగతి బోర్డు చెప్పదు. రద్దీ లేనప్పుడు వెళ్ళి, లోపల్నుంచి కొత్త డబ్బా తెరిచి కడిగిన గరిటెతో కప్పులో పెట్టగలరా అని అడిగితే కొందరు సంతోషంగా చేస్తారు. కోన్ వద్దు, కప్పే. కుదరదంటే సూపర్ మార్కెట్ లో లేబుల్ ఉన్న ఐస్ క్రీమ్ కొనివ్వండి, పిల్లాడికి అదీ ఐస్ క్రీమే.

రెస్టారెంట్ లో "లిస్తా అల్లెర్జెని" అని అడగండి, అలర్జీ పదార్థాల జాబితా ఉన్న ఫైల్ తెచ్చిస్తారు. నోటితో చెప్పాలంటే "మియో ఫిల్యో ఎ అల్లెర్జికో", మా అబ్బాయికి అలర్జీ అని. ఆ తర్వాత, బాబుకి ఏవేవి పడవో అక్కడి భాషలో రాసి పెట్టుకున్న కార్డు చేతికివ్వండి.

కొండాపూర్_రాజు

ఇంత రిస్క్ ఎందుకండీ. అపార్ట్‌మెంట్ తీసుకుని, చిన్న రైస్ కుక్కర్, ఉప్మా పిండి, పచ్చళ్ళు పెట్టుకెళ్ళండి. మేం అలాగే తిరిగొచ్చాం, బయట నీళ్ళు తప్ప ఏం కొనలేదు. పైసా ఖర్చు లేదు, భయం లేదు.

మిలాన్_లక్ష్మి

రాజు గారూ, అపార్ట్‌మెంట్ మంచి మాటే, పొద్దున టిఫిన్, రాత్రి భోజనం ఇంట్లో అయితే సగం భారం తగ్గుతుంది, దానితో నాకు పేచీ లేదు. కానీ ఆ బాబు జీవితాంతం ఈ అలర్జీతోనే ఉండొచ్చు. పదేళ్ళ తర్వాత కాలేజీకో ఉద్యోగానికో వెళ్తాడు, అమ్మ డబ్బా వెంట ఉండదు. ఒక కొత్త చోట కూర్చుని, ఎలా అడగాలో, ఎప్పుడు లేచి వచ్చేయాలో వాడు అమ్మానాన్నల్ని చూసి నేర్చుకోవాలి. రోజుకి ఒక్క పూటైనా బయట తిననివ్వండి శ్రావణీ, కార్డు కూడా వాడి చేతే ఇప్పించండి. ఇంకోటి, పచ్చళ్ళు, పొడులు తెచ్చుకుంటే ఇంట్లో చేసినవే తెచ్చుకోండి. బయట కొన్న పొడుల్లో పల్లీలు ఎక్కడెక్కడ కలుస్తాయో మనందరికీ తెలుసు. పాలు, నెయ్యి, మాంసం లాంటివి ఈయూలోకి తేనివ్వరు, అవి పెట్టుకోవద్దు.

లీడ్స్_నర్స్

నేను ఇక్కడ పిల్లల అలర్జీ క్లినిక్ లో నర్సుని. ఇంజెక్షన్ గురించి ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా.

ఊపిరి ఆడకపోవడం, గొంతు మారిపోవడం, ఆగని దగ్గు, కళ్ళు తిరగడం, ఒళ్ళు వేలాడేయడం, వీటిలో ఏది కనబడినా మొదటి మందు అడ్రినలిన్, తొడ బయటి వైపు కండలోకి. సిట్రజిన్ దురదకీ దద్దుర్లకీ మాత్రమే, అది వేసి చూద్దాం అని ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. ఇంజెక్షన్ ఇచ్చాక అంబులెన్స్ కి ఫోన్. ఈయూ దేశాలన్నిటిలో, స్విట్జర్లాండ్ లో, ఇక్కడ బ్రిటన్ లో కూడా 112 పనిచేస్తుంది, సిమ్ ఏదైనా ఉచితమే. పిల్లాడిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టండి, ఊపిరి ఇబ్బందిగా ఉంటే కూర్చోబెట్టండి, నడిపించడం, నిలబెట్టడం వద్దు. ఐదు నిమిషాల్లో తేరుకోకపోతే రెండోది ఇవ్వాలి, అందుకే ఎప్పుడూ రెండు వెంట ఉండాలి. తేరుకున్నా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టొచ్చు.

ఆటో ఇంజెక్టర్ పెన్నులు, అంటే తొడకి ఆనించి నొక్కితే అడ్రినలిన్ లోపలికి వెళ్ళేవి, మన దగ్గర మామూలు మందుల షాపుల్లో దొరకవు. ఇప్పుడే అలర్జీ డాక్టర్ ని కలవండి. పెన్ను తెప్పించడమా, ఆంపూల్ (మందు ఉన్న చిన్న గాజు బుడ్డి), సిరంజి ఇచ్చి మీకు నేర్పించడమా అన్నది, బాబు బరువుని బట్టి ఎంత డోసు అన్నది ఆయనే చెప్పాలి. యూరప్ లో దిగాక ఇండియా చీటీ చూపించి కొనొచ్చులే అనుకుని రావద్దు. మందు చేతి బ్యాగులోనే, డాక్టర్ ఇంగ్లిష్ లో రాసిచ్చిన లెటర్ తో పాటు. చెక్ ఇన్ సామానులో పెట్టకండి, ఫ్రిజ్ లో పెట్టకండి, ఎండలో కారులో వదలకండి, 25 డిగ్రీలు దాటకూడదు. మీ వారికి, అత్తయ్యగారికి కూడా ఎలా ఇవ్వాలో నేర్పండి, ఎందుకంటే ఆ సమయంలో మీరు పక్కనే ఉంటారని లేదు.

షెంగెన్ వీసాకి (ఈ దేశాలన్నిటికీ కలిపి ఇచ్చే వీసా) 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఎలాగూ తీసుకుంటారు. చౌకది చూసి తీసేసుకోకుండా, అలర్జీ ఉందని ముందే రాసి, దానివల్ల వచ్చే అత్యవసర చికిత్సకి కవర్ ఉందో లేదో కాగితం మీద చూసుకోండి.

ఇండియన్ రెస్టారెంట్ల గురించి పైన రాసింది అతిగా అనిపిస్తే ఒక్క మాట. మా యార్క్‌షైర్ లోనే 2014లో ఒకాయన పల్లీ అలర్జీ ఉందని, నట్స్ వద్దని చెప్పి చికెన్ టిక్కా మసాలా టేక్ అవే తెచ్చుకున్నారు. డబ్బా మూత మీద నట్స్ లేవని రాసే ఇచ్చారు. బాదం పొడి బదులు చౌకగా వస్తుందని పల్లీలు కలిసిన పొడి వాడారు. ఆయన చనిపోయారు. 2016లో ఆ రెస్టారెంట్ యజమానికి ఆరేళ్ళ జైలు పడింది. నేను ఈ పని చేస్తూ ఆ మూత గురించి ప్రతి తల్లికీ చెప్తాను.

సీన్_నది_పక్క

పారిస్ సంగతి క్లుప్తంగా.

కార్డు ఇంగ్లిష్ నుంచి యాప్ లో మార్చేసి ప్రింట్ తీసుకోకండి. ఫ్రెంచ్ లో "న్వా" అని వస్తే అక్కడివాళ్ళకి మొదట తట్టేది అక్రోటు. అన్ని నట్స్ అని చెప్పాలంటే "ఫ్రుయీ ఆ కోక్", జీడిపప్పు "న్వా ద కాజూ", పల్లీ "అరాషీద్", మామూలు మాటల్లో "కకాయెత్". నాలుగూ కార్డు మీద ఉండాలి. ఎవరైనా ఫ్రెంచ్ వాళ్ళ చేత ఒకసారి చదివించండి, కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, చూసి పంపిస్తా. కార్డులో "కుదరకపోతే మొహమాటం లేకుండా చెప్పండి, మేం వేరే చోటికి వెళ్తాం" అని ఒక వాక్యం తప్పకుండా పెట్టండి. అది చదివాక వాళ్ళు నిజం చెప్తారు. ఒక వెయిటర్ కుదరదు అన్నాడంటే బాధపడకండి, నా లెక్కలో అన్నిటికన్నా మంచి వెయిటర్ అతనే.

మకరోన్ లు (రంగురంగుల చిన్న తీపి బిస్కెట్లు) బాదం పిండితోనే చేస్తారు, రంగు ఏదైనా. గ్లూటెన్ లేని కేకులు అమ్మే షాపులు చూసి ఆరోగ్యం అనుకోవద్దు, గోధుమ బదులు బాదం పిండో, ఒక్కోసారి లుపిన్ పిండో వేస్తారు. పల్లీ పడనివాళ్ళలో కొందరికి లుపిన్ కూడా పడదు, మన దగ్గర తినం కాబట్టి డాక్టర్ ని అడగాలని తట్టదు, అడగండి. "బాగెత్ ద త్రదిసియోం" అనే బ్రెడ్ కి 1993 నాటి డిక్రీ ఉంది, పిండి, నీళ్ళు, ఉప్పు, పులియబెట్టేది, ఇంకా కొద్ది మోతాదులో బాకలా (చిక్కుడు జాతి గింజ) పిండి, సోయా పిండి, మాల్ట్ మాత్రమే వెయ్యొచ్చు. అది కోయించకుండా కొనండి, అదే మిషన్లో అక్రోటు బ్రెడ్ కూడా కోస్తారు.

రోడ్డు పక్క క్రెప్ (పల్చటి అట్టు) బళ్ళ దగ్గర ఉత్త వెన్న, చక్కెర క్రెప్ అడిగినా, అప్పుడే నూటెల్లా రాసిన అట్లకాడతోనే తిప్పుతారు. నూటెల్లాలో హేజల్ నట్ ఉంటుంది. బండి దగ్గర వద్దు, కూర్చుని తినే క్రెపరీలో కార్డు ఇచ్చి చేయించుకోండి.

శ్రావణి_కూకట్‌పల్లి

అందరికీ ఎంతో థాంక్స్ అండీ, మా వారికి మొత్తం చదివి వినిపించాను. గ్రూప్ వాళ్ళకి ఫోన్ చేసి వంట చేసేవాళ్ళతో ముందుగా మాట్లాడించగలరా అంటే "మేం చెప్పేస్తాం మేడమ్, ఏం కాదు" అన్నారు. ఎవరికి చెప్తారు, ఏం చెప్తారు అంటే జవాబు లేదు. సొంతంగానే వెళ్తున్నాం, అపార్ట్‌మెంట్లు చూస్తున్నా. అలర్జీ డాక్టర్ అపాయింట్‌మెంట్ సోమవారం. లుపిన్ పేరు రాసి పెట్టుకున్నా. లక్ష్మి గారు అన్నట్టు కార్డు వాడే ఇస్తానన్నాడు, ఇప్పట్నుంచే మా అత్తయ్యగారి మీద ప్రాక్టీస్ చేస్తున్నాడు.

స్విట్జర్లాండ్ లో తిండి ఖరీదు అంటున్నారు, అక్కడ ఏం చెయ్యాలి? విమానంలో కూడా ఏదైనా చెప్పండి.

ఇసార్_ఒడ్డున

మంచి నిర్ణయం అండి. లూసెర్న్ లో రెస్టారెంట్ల కన్నా కోప్, మీగ్రో సూపర్ మార్కెట్లే మీకు నయం. ప్యాకెట్ల మీద జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్ మూడూ ఉంటాయి, పల్లీని జర్మన్ లో "ఎర్డ్‌నుస్" అంటారు. కొన్నిటి మీద "ఆహా!" అనే గుర్తు ఉంటుంది, అలర్జీ ఉన్నవాళ్ళ కోసం పరీక్షించి ఇచ్చే ముద్ర అది, అయినా దేనికి పనికొస్తుందో కింద చదవాలి. చాక్లెట్ ఫ్యాక్టరీలు, రుచి చూపించే షాపులు మాత్రం పెట్టుకోకండి, హేజల్ నట్ లేని చోటు ఉండదు. బయట తినాలనిపిస్తే బంగాళాదుంప తురుముతో చేసే రోస్టి, చీజ్ తో రాక్లెట్, చీజ్ లో రెన్నెట్ పట్టింపు లేకపోతే రెండూ అత్తయ్యగారికీ పనికొస్తాయి, రోస్టిలో బేకన్ వద్దని చెప్పండి. కొండల మీదికి రైలెక్కే రోజు డబ్బా కట్టుకుని వెళ్ళండి, పైన ఒకటో రెండో హోటళ్ళే ఉంటాయి, అక్కడ నచ్చకపోతే కిందికి దిగేదాకా ఏమీ దొరకదు.

రెస్టారెంట్ కి తెరిచిన వెంటనే వెళ్ళండి. ఇటలీలో రాత్రి ఏడు, ఏడున్నరకి తెరుస్తారు, ఆ మొదటి అరగంటలో వంటాయన బయటికొచ్చి మాట్లాడతాడు, తొమ్మిదికి మీ కార్డు చూసే తీరిక ఉండదు. నిన్న బాగుందని ఇవాళ అదే చోటికి వెళ్ళినా మళ్ళీ మొదట్నుంచీ అడగండి, వంటమనిషి మారి ఉండొచ్చు.

విమానానికి, బుక్ చేసేటప్పుడే అలర్జీ ఉందని రాయించండి, కానీ ఏ కంపెనీ అయినా నట్స్ లేని విమానం అని హామీ ఇవ్వదు. బాబుకి ఇంటి నుంచే చపాతీలు, పులిహోర కట్టండి, పులిహోరలో పల్లీలు వెయ్యరు కదా మీరు ఎలాగూ. ఎక్కగానే సీటు చేతులు, ముందున్న ట్రే తడి వైప్స్ తో గట్టిగా తుడవండి, తుడిచాక మీ చేతులూ కడుక్కోండి. బాబుని కిటికీ పక్కన కూర్చోబెట్టి మీరు మధ్యలో కూర్చోండి. మందు పైన అరలో కాదు, మీ కాళ్ళ దగ్గరున్న బ్యాగులో.